గంజాయి మందైతే మోతాదు ఎంత?

ఎడిటర్ గారికి,

వైద్యానికి గంజాయిని అనుమతించాలా వద్దా అనే వాదన మొదలైతే చాలు, ఒకవైపు వాళ్లు శివుణ్ణీ భంగునూ ముందుకు తెస్తారు. రెండోవైపు వాళ్లు ఏజెన్సీలో పట్టుబడ్డ శీలావతి రకం గంజాయి మూటలు చూపిస్తారు. రోగి ఏ రూపంలో, ఎన్ని మిల్లీగ్రాములు తీసుకోవాలన్నది మాత్రం ఇద్దరికీ పట్టదు. మందుకీ మత్తుకీ తేడా ఉన్నదే అక్కడ.

ముందు చట్టం సంగతి. మాదకద్రవ్యాల నియంత్రణకు 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్‌ చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని ఆకు, గింజ అందులోకి రావు. ఉత్తరాదిన భంగు దుకాణాలు నడుస్తున్నది ఆ సందులోంచే. వైద్య, శాస్త్రీయ అవసరాలకు 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, సాగుకు అనుమతిచ్చే అధికారం 10వ సెక్షన్ కింద రాష్ట్రాలకు ఉంది. కొత్త చట్టం కావాలనేవాళ్లు పాతదాన్ని ఒకసారి తిరగేస్తే మంచిది. లేనివి నిబంధనలు.

పొగ పీలిస్తే, గంజాయిలో మత్తిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ నిమిషాల్లో మెదడుకు చేరి, రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. నొప్పితో మెలికలు తిరిగేవాళ్లకు ఇది బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఒక్కో దమ్ములో ఎంత వెళ్లిందో పీల్చినవాడికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. బీడీలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులోనూ ఉంటాయి. వేపరైజర్‌లో పువ్వును 180–210 డిగ్రీల దగ్గర వేడిచేస్తే కాలకుండా ఆవిరొస్తుంది, అది కొంత నయం. ఈ-సిగరెట్‌లో పెట్టే, గంజాయి నూనె నింపిన కార్ట్రిడ్జ్ మాత్రం వేరే కథ. 2019లో అమెరికాలో దొంగ సరుకును చిక్కగా చేయడానికి విటమిన్ ఇ ఎసిటేట్ కలిపారు. వేపింగ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. దానికి ప్రధాన కారణంగా తేలింది ఆ కల్తీయే.

తినుబండారంగానో నూనెగానో నోటితో తీసుకుంటే లెక్క మారిపోతుంది. పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కాలేయం దాన్ని మరింత బలమైన 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుస్తుంది, ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. తప్పు జరిగేది ఇక్కడే. ‘ఏమీ కాలేదే’ అని గంటకే రెండో ముక్క వేసుకుంటారు, రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. గుండె దడ, భయం, వాంతులు. పెద్దవాళ్లయితే బాత్రూంకు లేచి పడిపోతారు. పైగా కొవ్వుతో కలిస్తే ఇది ఒంటికి ఎక్కువ పడుతుంది. పరగడుపున వేసుకున్నదీ, నెయ్యన్నం తిన్నాక వేసుకున్నదీ ఒకటి కావు. కొలరాడోలో ఒక సర్వింగ్‌కు 10 మి.గ్రా. టీహెచ్‌సీ పరిమితి, కెనడాలో ప్యాకెట్ మొత్తానికే 10. కొత్త రోగికి అదీ ఎక్కువే. రాత్రిపూట 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండు మూడు రోజులు చూసి, మరో 2.5 పెంచడం డాక్టర్ల పద్ధతి. ఇంట్లో మానసిక వ్యాధి చరిత్ర ఉన్నవాళ్లు, గర్భిణులు, గుండె జబ్బువాళ్లు దీని జోలికే పోకూడదు.

ఆన్‌లైన్లో ‘విజయ’ (ఆయుర్వేదంలో గంజాయి పేరు) పేరుతో అమ్మే తైలాలు చూడండి. 30 మి.లీ. సీసా మీద 3,000 మి.గ్రా. అని ఉందనుకుందాం. మిల్లీలీటరుకు 100 మి.గ్రా. సారం అన్నమాట. అందులో టీహెచ్‌సీ ఎంత, మత్తివ్వని సీబీడీ ఎంత అన్నది రాయకపోతే ఆ అంకె దండగ. ‘ఐదు చుక్కలు’ అన్న సూచన ఇంకా దండగ. డ్రాపర్ మూతిని బట్టి, నూనె చిక్కదనాన్ని బట్టి చుక్క మారిపోతుంది. సీసాతో పాటు సూది లేని 1 మి.లీ. సిరంజి ఇవ్వాలి. ఇంట్లో కాచుకున్న తైలమైతే చెప్పనక్కర్లేదు. పచ్చి ఆకులో ఎక్కువగా ఉండేది మత్తివ్వని టీహెచ్‌సీఏ. వేడి తగిలితేనే అది టీహెచ్‌సీ అవుతుంది కాబట్టి పొయ్యి మంటను బట్టి బలం మారుతుంది.

కొలత ఉన్న మందులు ఎలా ఉంటాయో చూద్దాం. పిల్లల్లో మొండి మూర్ఛలకు 2018లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎపిడియోలెక్స్ మిల్లీలీటరుకు 100 మి.గ్రా. సీబీడీ. మొదట కిలో బరువుకు 2.5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. అంటే 20 కిలోల బిడ్డకు పూటకు అర మిల్లీలీటరు, వారం తర్వాత ఒకటి. ఆ బిడ్డ వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే కాలేయ ఎంజైములు పెరగొచ్చు, క్లోబజామ్ వాడుతుంటే రోజంతా మగతగా ఉండొచ్చు. ఆ రెండూ మన దగ్గర మూర్ఛకు మామూలుగా రాసే మందులే, అందుకే రక్తపరీక్ష తప్పదు. నాడీవ్యవస్థను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతుకు వాడే సేటివెక్స్ ఒక్కో స్ప్రేలో 2.7 మి.గ్రా. టీహెచ్‌సీ, 2.5 సీబీడీ. రోజుకు 12 దాటకూడదు. నోట్లో కొట్టే చోటు ప్రతిసారీ మార్చకపోతే పుళ్లు పడతాయి.

మార్ఫిన్ విషయంలో మనం ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నాం. 1985 చట్టానికి భయపడి ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి, క్యాన్సర్ రోగులు నొప్పితోనే పోయారు. 2014 సవరణ వచ్చాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి తెరుచుకుంది. గంజాయి మందులనూ ఆ గేటులోంచే పంపాలి. కొలిచిన నూనె, స్ప్రే, నిపుణుడి చీటీ, రిజిస్టరు, అంతే. 2018 నవంబరు నుంచి బ్రిటన్‌లో ఈ చీటీ రాసేది స్పెషలిస్టు డాక్టర్లే. 2022లో పువ్వును బజారులోకి వదిలిన థాయిలాండ్, వీధివీధినా దుకాణాలు లేచాక, 2025లో మళ్లీ చీటీ అడగడం మొదలుపెట్టింది.

ఇంకొక్క మాట. అమెరికాలో పిల్లల దగ్గర ఉండి నిద్రకు గంజాయి గమ్మీలు (జెల్లీ బిళ్లలు) అలవాటు చేసుకున్న పెద్దవాళ్లు వాటిని బ్యాగులో వేసుకుని శంషాబాద్‌లో దిగొద్దు. కాలిఫోర్నియా డాక్టరిచ్చిన కాగితం ఇక్కడ కస్టమ్స్ దగ్గర చెల్లదు.

— ఇద్దరు క్లినికల్ ఫార్మసిస్టులు, విశాఖపట్నం