పౌర సంఘం వార్షిక నివేదిక, 2024–25: బైపాస్ గీత ఎందుకు పక్కకు జరిగిందో ఇంకా చెప్పలేదు

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు వీధి దీపాలు, మురుగు కాలువ, పార్కు గోడ గురించి నాలుగు పేజీలు రాశాను. ఈసారి వాటికి నాలుగు వాక్యాలే మిగిలాయి, అవి చివర్లో ఉన్నాయి. ఏడాది మొత్తాన్ని మన ఊరికి వేయబోతున్న జాతీయ రహదారి బైపాస్ మింగేసింది. కార్యవర్గం సమావేశమైన ప్రతిసారీ ఎజెండాలో మొదటి అంశం అదే. చాలాసార్లు రెండో అంశం దాకా వెళ్లనే లేదు.

ముందుగా ఒక మాట. ‘సంఘం వాళ్లు రోడ్డుకు అడ్డం పడుతున్నారు’ అని ఊళ్లో ప్రచారం జరిగింది. బైపాస్ వద్దని మనం ఏ అర్జీలోనూ రాయలేదు. బస్టాండు సెంటర్లో లారీల మధ్య రోడ్డు దాటడం ఎంత గండమో మనకంటే ఎవరికి తెలుసు? మనం అడిగింది వేరు. మొదటి మ్యాపులో బైపాస్ దారిని చూపే గీత చెరువుకు అవతల, గుట్ట పక్కగా పోయింది. రెండో మ్యాపులో అదే గీత చెరువుకు ఇవతలికి, హైస్కూలు వెనక్కి వచ్చి, ఊరికీ పొలాలకీ మధ్య నుంచి వెళ్లింది. ఎవరు జరిపారు? ఏ తేదీన? ఏ కారణం రాసి సంతకం పెట్టారు? ఈ మూడింటిలో ఒక్కదానికీ మార్చి 31 నాటికి మనకు జవాబు లేదు.

21 రోజులు

జాతీయ రహదారుల చట్టం (1956) ప్రకారం భూమి తీసుకోవాలంటే, ఫలానా భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఎ నోటిఫికేషన్ కేంద్రం ముందుగా ఇవ్వాలి. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. అభ్యంతరం చెప్పేవాళ్లు నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. మన నోటిఫికేషన్ జూన్‌లో వచ్చింది. ప్రకటనను పత్రికలో వేశారు, ఆ మాట కాదనలేం. లోపలి పేజీలో, చీమ తలకాయంత అక్షరాలతో, సర్వే నంబర్లూ సబ్‌డివిజన్లూ తప్ప ఊరి పేరు కనపడకుండా వేశారు. మనం చూసేసరికి ఆరు రోజులు గడిచిపోయాయి. ఇందులో మన తప్పు కూడా ఉంది. సంఘం గదికి రెండు పేపర్లు వస్తాయి. ప్రకటనల పేజీని మాత్రం ఎవరూ చదవరు. ఇప్పుడు ఆ పని కోశాధికారికి అప్పజెప్పాం.

మిగిలిన పదిహేను రోజుల్లో కుర్రాళ్లు బాగా కష్టపడ్డారు. నంబర్లన్నీ చార్టుల మీద పెద్ద అక్షరాలతో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. సాయంత్రం పూట రైతులు పాసు పుస్తకాలు తెచ్చుకుని వాటి ముందు నిలబడి, వేలితో ఒక్కో వరుసా దిగుతూ వెతుక్కున్నారు. తన నంబరు కనిపించినవాళ్లు ఏమీ మాట్లాడకుండా పక్కకు జరిగేవారు. మొత్తం 31 అభ్యంతరాలు గడువులోపల ఇచ్చి, ప్రతిదానికీ రసీదు తీసుకున్నాం.

ఆగస్టులో విచారణ జరిగింది. అధికారి ఓపికగానే విన్నారు. అయితే ఎవరు వెళ్లినా మొదటి ప్రశ్న, ‘మీ సర్వే నంబరెంత?’ అనే. మన సభ్యురాలొకరు, హైస్కూల్లో చదివే ఇద్దరు పిల్లల తల్లి, వరుసలో నిలబడి లోపలికి వెళ్లారు.

‘అమ్మా, మీ భూమి పోతోందా?’

‘భూమి లేదు సార్. దారి పోతోంది.’

‘దారికి నా దగ్గర ఫారం లేదమ్మా.’

ఆయన వెటకారంగా అనలేదు, ఉన్నదే చెప్పారు. ఈ నివేదికలో సభ్యులు ఒక్క పేరానే చదువుతామంటే దీన్నే చదవమంటాను. 3సి సెక్షన్ కింద అభ్యంతరం చెప్పే హక్కు ఆ భూమిలో ఆసక్తి, అంటే హక్కో వాటానో, ఉన్నవారికే ఉంది. రోజూ ఆ భూమి దాటి బడికీ, పొలానికీ, ఆసుపత్రికీ వెళ్లేవాళ్ల గురించి ఆ సెక్షన్‌లో మాటే లేదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది కదా అని కొందరు అడిగారు. ఉంది. కానీ నాలుగో షెడ్యూలులో చేర్చిన చట్టాలకు అది వర్తించదు, అందులో జాతీయ రహదారుల చట్టం ఒకటి. 2015 నుంచి పరిహారం, పునరావాసం నిబంధనలు మాత్రమే ఈ చట్టానికి వర్తింపజేశారు. అంటే పోయిన భూమికి ధర కట్టే పద్ధతి వచ్చింది గానీ, రోడ్డు పడ్డాక ఊరు ఏమవుతుందో ముందుగా అడిగే పద్ధతి రాలేదు.

మిగిలింది పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, సభను వీడియో తీయాలి, చివర్లో జనం చెప్పిన అంశాలను వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి. దారి పోయేవాళ్లు కూడా నోరు విప్పగలిగే చోటు ఇదొక్కటే. కానీ పాత జాతీయ రహదారిని వెడల్పు చేసే పనికి, పొడవు 100 కిలోమీటర్లు దాటితేనే పర్యావరణ అనుమతి, దానితోపాటు ఈ సభ ప్రసక్తి వస్తుంది. మన బైపాస్ ఉన్న వెడల్పు పని ప్యాకేజీ అంత పొడవు లేదు. కాబట్టి సభ జరగలేదు. చట్టప్రకారం అంతా సక్రమమే. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి అదే కారణం. ఎవరైనా తప్పు చేసి ఉంటే ఫిర్యాదు చేయొచ్చు, ఇక్కడ ఎవరి మీద చేయాలి?

‘ఎందుకు’ అని అడగకూడదు

సమాచార హక్కు కింద మన మొదటి దరఖాస్తు నేనే రాశాను, బోల్తా కొట్టింది కూడా నేనే. ‘అలైన్‌మెంట్ (అంటే రోడ్డు పోయే గీత) ఎందుకు మార్చారు?’ అని రాశాను. కారణాలు, అభిప్రాయాలు అడగడం సమాచారం నిర్వచనంలోకి రాదని 28వ రోజున జవాబు వచ్చింది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు పోయింది, నెల రోజులూ పోయాయి.

అనుభవం ఉన్న ఒక విశ్రాంత ఉద్యోగి మనకు దారి చూపించారు. ‘ఎందుకు అని అడగొద్దు. ఏ కాగితం మీద ఉందో ఆ కాగితం అడగండి’ అన్నారు. రెండో దరఖాస్తులో అధికారులు నిర్ణయాల మీద రాసుకునే నోట్‌ఫైలు నకలు, ప్రత్యామ్నాయాల పోలిక పట్టిక, ట్రాఫిక్ లెక్కింపు షీట్లు, రెండు మ్యాపులు అడిగాం. వాటితోపాటు చట్టంలోని 4(1)(సి), 4(1)(డి) క్లాజులను ఉటంకించాం. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయం ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలనీ, బాధితులకు నిర్ణయం వెనక కారణాలు తెలియజేయాలనీ 2005 నుంచీ అందులో రాసే ఉంది. ఎవరూ అడగకముందే చేయాల్సిన పని అది.

ఫైలు తనిఖీకి పిలిచారు. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు ఐదు రూపాయలు. మనకు గంట కూడా పట్టలేదు. ఫైలు సన్నగా ఉంది. ఆకుపచ్చ నోట్‌షీట్లో ఒకచోట ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క వాక్యం: చర్చించిన మేరకు అలైన్‌మెంట్ సవరించి సమర్పించడమైనది. ఎవరితో చర్చించారో లేదు. దాని ముందు పేజీ మొదటి మ్యాపు గురించి, తర్వాతి పేజీ రెండో మ్యాపు గురించి. మధ్యలో ఈ వాక్యం, దాని కింద చదవడానికి వీలుకాని పొట్టి సంతకం. పక్కనున్న మన ఉపాధ్యక్షుడు ‘గీత చెరువు దాటడానికి ఇంత చిన్న వాక్యం వంతెనగా సరిపోతుందా?’ అన్నారు. ఆ పేజీ నకలుకు రెండు రూపాయలు కట్టి తెచ్చుకున్నాం. సంఘం గదిలో ఫ్రేమ్ కట్టిస్తే బాగుంటుందని కొందరన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు.

పోలిక పట్టిక ఇవ్వలేదు. మొదటి అప్పీలులో ‘అందుబాటులో లేదు’ అన్నారు. లేదంటే తయారు చేయలేదనా, దొరకలేదనా? ఆ తేడా తేల్చమని సమాచార కమిషన్‌కు 90 రోజుల గడువులోపలే రెండో అప్పీలు వేశాం. తేదీ రావాల్సి ఉంది.

ఇంత రాద్ధాంతం దేనికని అడిగిన సభ్యులకు ఒక ఉదాహరణ. కేంద్రం రహదారుల పథకం భారత్‌మాల మొదటి దశపై, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చూడండి. ఢిల్లీ దగ్గరి ద్వారకా ఎక్స్‌ప్రెస్‌వేకు కేంద్ర మంత్రివర్గ కమిటీ ఆమోదించిన లెక్క కిలోమీటరుకు 18.20 కోట్లు కాగా, మంజూరైంది 250.77 కోట్లని అందులో రాశారు. ఆ లెక్క కట్టిన పద్ధతిని కేంద్రం తప్పుపట్టింది. ఎవరి మాట సరైందో తేల్చడం మన పని కాదు. కానీ అక్కడ అడిగేవారు రాతలో అడిగారు, చెప్పేవారు బయటికొచ్చి చెప్పారు. మనకు కావాల్సిందీ అంతే.

మన జిల్లాలోనే ఇంకో ఖాళీ బయటపడింది. పంచాయతీల, మునిసిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లాకు ఒకే ముసాయిదా తయారుచేయడానికి రాజ్యాంగం 243జడ్‌డి అధికరణ కింద జిల్లా ప్రణాళిక సంఘం ఉండాలి. అది చివరిసారి ఎప్పుడు సమావేశమైందో చెప్పమని అడిగాం. దరఖాస్తు ఆఫీసులోని మూడు విభాగాలకు బదిలీ అయి, మొదటి విభాగానికే తిరిగొచ్చింది.

వెదురు కర్ర

ఫిబ్రవరిలో భూసేకరణను ఖరారు చేసే 3డి ప్రకటన వచ్చింది. దాంతో ఆ భూమి చట్టప్రకారం కేంద్రానిది అయిపోయింది, గీత వెనక్కి జరిగే ఆశ దాదాపు పోయింది. దీన్ని దాచి సభ్యులకు తియ్యటి మాటలు చెప్పదలచుకోలేదు. కార్యవర్గం రెండు రోజులు మాట్లాడుకుని, గీత సంగతి అప్పీలుకు వదిలి, గీత కింద ఏం కడతారన్న దాని మీద పడదామని నిర్ణయించింది.

పొలాల దారి బైపాస్‌ను దాటే చోట డ్రాయింగులో పశువులు, పాదచారుల అండర్‌పాస్ చూపించారు. ఎత్తు 3 మీటర్లు. కాగితం మీద 3 మీటర్లు ఎంతో ఎవరికీ తోచదు. అందుకని ఒక వెదురు బొంగును సరిగ్గా 3 మీటర్లకు కోసి, కొసకు ఎర్ర గుడ్డ కట్టి, కోతలప్పుడు గడ్డి వేసుకొస్తున్న ట్రాక్టరు ట్రాలీ పక్కన నిలబెట్టాం. గడ్డి ఎర్ర గుడ్డకు పైన ఇంకో మూరెడుంది. వరికోత మిషను వచ్చినప్పుడూ అలాగే పెట్టి ఫొటో తీశాం. పైగా ఆ చోటు పల్లం, చెరువు అలుగు పారితే నీళ్లు అటే వస్తాయి. వాన కాలంలో అండర్‌పాస్ ఈత కొట్టుకోవడానికి పనికొస్తుందని అక్కడి రైతు ఒకాయన అన్నారు. ఆ మాట అర్జీలో రాయలేదు, ఫొటోలు జత చేశాం.

సోమవారం ప్రజావాణిలో మూడుసార్లు ఇచ్చాక, మార్చిలో ఇంజనీర్లు, రెవెన్యూ, పంచాయతీ కలిసి ఉమ్మడి తనిఖీకి వచ్చారు. కర్ర పట్టుకుని మనవాళ్లు గట్టు మీద నిలబడ్డారు. కుర్ర ఇంజనీరు ఒకరు దాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ చూసి, ‘డ్రాయింగులో ఇలా అనిపించలేదు’ అన్నారు. ఎత్తు పెంచే విషయం, కాలువ వేరుచేసే విషయం పరిశీలిస్తామని తనిఖీ నివేదికలో రాశారు. ‘పరిశీలిస్తాం’ అంటే ఏమిటో సభ్యులకు వేరే చెప్పక్కర్లేదు. అయినా తేదీ వేసి, పూర్తి పేర్లతో సంతకాలు పెట్టిన కాగితం ఈ ఏడాదిలో మన చేతికొచ్చింది ఇదొక్కటే.

మొరం సంగతి

రోడ్డు కట్ట పోయడానికి మట్టి ఎక్కణ్ణుంచి వస్తుందన్నది టెండరు కాగితాల్లో ఎవరూ పట్టించుకోని విషయం. మనకైతే రాత్రిళ్లు లారీల మోత వినిపించినప్పుడు తెలిసింది. రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకు మట్టి తవ్వడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020లో కేంద్రం ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. ఆ తీర్పు నకలు జతచేసి, గుట్ట దగ్గరి తవ్వకానికి అనుమతి పత్రం చూపించమని రాశాం. సమాచార హక్కు కింద మండల స్థాయి దరఖాస్తుకు ఫీజు ఐదు రూపాయలే. పత్రం రాలేదు గానీ, వారం తిరక్కుండా అక్కడ తవ్వకం ఆగింది. ఇప్పుడు ఇంకో ఊరి వైపు తవ్వుతున్నారని విన్నాం. ఆ ఊరివాళ్లకు తీర్పు నకలు పంపాం.

పరిహారం కాగితాలు అందుకున్న సభ్యులకు ఒక సూచన. అవార్డులో (పరిహారం తేల్చే ఉత్తర్వులో) మార్కెట్ విలువ, దాన్ని హెచ్చవేసే గ్రామీణ ప్రాంతపు గుణకం, నూరు శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) మూడూ వేర్వేరుగా కనిపించాలి. ఒకే అంకె వేసి ఉంటే సంఘం గదికి తీసుకురండి. మొత్తం సరిపోలేదనుకుంటే జాతీయ రహదారుల చట్టం 3జి(5) కింద ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లొచ్చు. కౌలు రైతులకు మాత్రం మనం ఏమీ సాధించలేకపోయాం.

ఇతర పనులు, జమాఖర్చు

వీధి దీపాలు తొమ్మిది మార్పించాం. మురుగు కాలువ పూడిక ఒకసారి తీశారు, మళ్లీ నిండింది. పార్కు గోడ అలాగే ఉంది. రక్తదాన శిబిరం ఈసారి పెట్టలేకపోయాం, క్షమించాలి.

ఖర్చంతా జిరాక్సులు, పోస్టల్ ఆర్డర్లు, జిల్లా కేంద్రానికి బస్సు చార్జీలు. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు. లాయరు ఫీజు అవ్వలేదు, ఎందుకంటే కోర్టుకు వెళ్లలేదు. వెళ్లాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశం తేల్చాలి. కార్యవర్గంలో ముగ్గురు వెళ్దామన్నారు, నలుగురు అప్పీలు తేలేదాకా ఆగుదామన్నారు. నేను ఆగుదామన్నవాళ్లలో ఉన్నాను.

బైపాస్ పూర్తయ్యాక ఎక్స్‌ప్రెస్ బస్సులు ఊళ్లోకి వస్తాయా, బయట నుంచే పోతాయా అని డిపోకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఆ ఉత్తరం బాధ్యత తీసుకునేవారు కావాలి. రోజూ ఉదయం బస్సులో వెళ్లే సభ్యులెవరైనా అయితే మంచిది.

మరో విషయం. ఎర్ర గుడ్డ కట్టిన వెదురు కర్ర సంఘం గదిలోంచి కనపడకుండా పోయింది. పందిరి గుంజకో, బట్టలు ఆరేసుకోవడానికో ఎవరైనా పట్టుకెళ్లి ఉంటే దయచేసి కోయకుండా తిరిగి ఇవ్వండి. జూన్‌లో మళ్లీ కొలతలకు వస్తామన్నారు.

ఇట్లు,
కార్యదర్శి