అంబులెన్స్‌లో కాప్నోమీటర్ చూపే అంకె నిజం కావాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టర్ని. చేతిలో పట్టే చిన్న కాప్నోమీటర్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. రోగి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో అవి చూపిస్తాయి. మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాలి (ఇక్కడి అంకెలన్నీ పాదరస మిల్లీమీటర్లలో, అంటే పీడనం కొలతలో). శ్వాస కోసం వేసిన గొట్టం పొరపాటున అన్నవాహికలోకి పోతే వెంటనే పట్టిచ్చేది ఇదే. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో అంకె పడిపోయేసరికి కొన్ని నిమిషాలు గడిచిపోవచ్చు.

పోయిన వానాకాలం, బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాణ్ణి ఒక చిన్న ఆసుపత్రి నుంచి మా దగ్గరికి తెచ్చారు. దారి పొడవునా మీటరు 24 చూపించిందట. గాలి ఎక్కువ కొడుతున్నానేమో అనుకుని టెక్నీషియన్ అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి) నొక్కడం తగ్గించాడు. అతనికి నేర్పింది అదే, అతని తప్పేమీ లేదు. మేం రక్తం తీసి చూస్తే అందులో కార్బన్ డయాక్సైడ్ 58 ఉంది. రోగి ఊపిరిని మీటరుకు చేర్చే సన్నని శాంపిల్ గొట్టం మార్చగానే అదే మీటరు 53 చూపించింది. ఒకసారి వాడి పారేయాల్సిన గొట్టాన్ని కడిగి మళ్లీ మళ్లీ వాడారు. అది మొదలు దగ్గర చీలి, బయటి గాలిని లాగుతోంది, అందుకే అంకె తక్కువగా వచ్చింది.

రక్తంలో ఈ వాయువు పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పై పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లకు అది చాలా ప్రమాదం. అబ్బాయి బతికాడు. దారిలో గడిచిన ఆ గంటన్నరలో ఎంత నష్టం జరిగిందని వాళ్లమ్మ అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

పసిపిల్లలతో టెన్షన్ ఇంకా ఎక్కువ. అప్పుడే పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, ఒక్కోసారి పీల్చేది 20 మిల్లీలీటర్లు కూడా ఉండదు. పెద్దవాళ్ల కోసం చేసిన మీటరు పెడితే లోపలికి వెళ్లే గాలి, బయటికొచ్చే గాలి గొట్టంలో కలిసిపోయి అంకె తక్కువగా వస్తుంది. బ్రోషర్‌లో కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 2 అని ఉంటే, అది నిమిషానికి ఎన్ని శ్వాసల దగ్గర కొలిచారో కంపెనీని అడగాలి.

కాబట్టి వచ్చే టెండర్‌లోనే ఐఎస్ఓ 80601-2-55 (శ్వాస వాయువులు కొలిచే పరికరాల అంతర్జాతీయ ప్రమాణం), తెర మీద గ్రాఫ్, పసిపిల్లల శ్వాస వేగంలో కూడా కచ్చితత్వం తప్పనిసరి చేయండి. మీటరుతో పాటు ఏడాదికి సరిపడా శాంపిల్ గొట్టాలకూ డబ్బు కేటాయించండి. ఆరు నెలలకోసారి బయోమెడికల్ ఇంజనీరు ప్రతి మీటరునూ 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్‌తో పరీక్షించాలి. విశాఖ తీరంలో అది 38కి దగ్గరగా చూపించాలి. పాడేరు కొండల్లో గాలి పీడనం తక్కువ, అక్కడ సుమారు 34 రావాలి. పరీక్షించిన తేదీ, వచ్చిన అంకె మీటరు మీదే స్టిక్కర్ వేసి అంటిస్తే, అంబులెన్స్ ఎక్కే టెక్నీషియన్‌కు చూడగానే తెలుస్తుంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ మత్తు డాక్టర్