సర్వర్ డౌన్ అయితే పని ఆగాల్సిందేనా?

సంపాదకుడు గారికి,

"సర్వర్ డౌన్, రేపు రాపో" అనే మాట ఇప్పుడు రేషన్ షాపు నుంచి రిజిస్ట్రార్ ఆఫీసు దాకా ఎక్కడికి పోయినా వినిపిస్తోంది. చెప్పేవాళ్ళకి అది తమ తప్పనిపించడం లేదు, వినేవాళ్ళు కూడా మారుమాట లేకుండా ఇంటికి పోతున్నారు. నా బాధంతా దీని గురించే.

మా అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్ల వాన, అదైనా ఎప్పుడొస్తుందో తెలీదు. పడితే ఎర్ర నేలల్లో పదను నాలుగు రోజులు కూడా నిలవదు, ఆ లోపలే శనక్కాయ విత్తు పడాలి. పోయిన జూన్‌లో ఒక సబ్సిడీ విత్తనాల కేంద్రం దగ్గర చూశాను. ఒక పెద్దావిడ మిషన్ మీద వేలు పెడితే తీసుకోలేదు, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టినా అంతే. ఏళ్ళ తరబడి కలుపు తీసిన చేతులవి, వేలి గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. విత్తనాల మూటలు ఎదురుగానే ఉన్నాయి, ఇచ్చే అబ్బాయికి ఆవిడ ఏ ఊరో, ఎవరి ఇంటి మనిషో కూడా తెలుసు, పాస్‌బుక్కు చేతిలోనే ఉంది, అయినా ఇవ్వడానికి వీల్లేదన్నాడు. మధ్యాహ్నానికి సర్వరే పోయింది, క్యూ మొత్తం వెనక్కి పోయింది. ఆ అబ్బాయిని ఏమనగలం, వేరే దారి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

నేను కంప్యూటర్లకి వ్యతిరేకిని కాదు. రైల్వేలో, గుంతకల్లు డివిజన్‌లో సిగ్నల్ పని చేసి రిటైరైనవాణ్ణి, పాత మిషన్లు ఎంతగా సతాయిస్తాయో నాకు బాగా తెలుసు. తీగలతో లాగే సిగ్నళ్ళు తరచూ చెడిపోయేవి. కానీ తీగ తెగినప్పుడు దాని బరువు దిమ్మే సిగ్నల్ స్తంభం మీది రెక్కను అడ్డంగా నిలబెట్టేది, అంటే బండి ఆగాలి అని. ఏది చెడినా ప్రమాదం లేని వైపుకే చెడాలని ముందే ఆలోచించి కట్టారు. సింగిల్ లైన్ మీద, ముందు లైన్ ఖాళీగా ఉందనడానికి గుర్తుగా మిషన్ ఇచ్చే టోకెన్ బంతి డ్రైవర్ చేతికి రాకుండా బండి కదిలేది కాదు, ఆ టోకెన్ మిషన్ కూడా మొరాయిస్తే రెండు స్టేషన్ల మాస్టర్లు ఫోన్‌లో మాట్లాడుకుని, మాట ఖాయమనడానికి ప్రైవేట్ నంబర్లనే రహస్య అంకెలు ఇచ్చిపుచ్చుకుని, కాగితం మీద లైన్ క్లియర్ (లైన్ ఖాళీ, పోవచ్చు అని) రాసి డ్రైవర్‌కిచ్చి బండిని పంపేవారు. ఇప్పుడు పట్టాల మార్పునీ సిగ్నళ్ళనీ కంప్యూటరే చూసుకునే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది, అయినా సిగ్నల్ పనిచేయకపోతే రాతపూర్వకంగా అనుమతిచ్చి బండిని మెల్లగా నడిపించే పద్ధతి రూల్స్ పుస్తకంలో అలాగే ఉంది. బండి ఆలస్యమవుతుందేమో కానీ ప్రయాణికుల్ని రేపు రమ్మని ఎవరూ అనరు.

పాతవన్నీ గట్టివని కూడా నేను అనను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి గేటే కొట్టుకుపోయింది, ఆ డ్యామ్ నుంచి వచ్చే ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్ళ మీద బతికే మా జిల్లాలో ఆ వారం అందరికీ టెన్షనే. కానీ ఏది విరిగిందో కంటికి కనిపించింది, కన్నయ్య నాయుడు లాంటి అనుభవం ఉన్న ఇంజనీరు వచ్చి వారం తిరక్కుండానే గేటు బదులు అడ్డం పెట్టే ఇనప పలకలు (స్టాప్‌లాగ్) దించి నీళ్ళాపారు. అదే సర్వర్ ఆగితే మన మండలంలో ఉన్న ఒక్కరికి కూడా ఎక్కడ ఆగిందో తెలీదు. వేలిముద్ర మిషను, సిమ్ సిగ్నలు, టవరు, రాష్ట్ర సర్వరు, ఆధార్ సర్వరు, మళ్ళీ వెనక్కి వచ్చే దారి, ఇవన్నీ ఒకేసారి పనిచేస్తేనే ఒక మూట విత్తనం బయటికొస్తుంది. ఈ ఆరూ ఒక్కొక్కటి నూటికి 99 సార్లు బాగానే పనిచేస్తాయనుకున్నా, అన్నీ కలిసి పనిచేసేది 94 సార్లే. లెక్క వేసి చూసుకోండి.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. విమానం ఎక్కేవాళ్ళకి చేతిరాత చెల్లినప్పుడు రేషన్ బియ్యానికి ఎందుకు చెల్లదు?

చేత్తో రాస్తే దొంగ పేర్లు రాస్తారు, అందుకే కంప్యూటర్లు పెట్టామంటారు. నిజమే, బోగస్ కార్డుల కాలం నేనూ చూశాను. దానికి మందు వరస నంబర్లు అచ్చేసిన డూప్లికేట్ పుస్తకం: మనిషి సంతకమో నిశానీనో, సాక్షిగా ఇంకొకరి సంతకమూ తీసుకోవడం, సర్వర్ వచ్చాక ఆ రోజే ఎక్కించడం, నెలకోసారి పైవాళ్ళు పుస్తకం తెప్పించుకుని చూడడం. నేనేమీ కొత్త సంగతి అడగడం లేదు. వేలిముద్ర పడకపోయినా, నెట్‌వర్క్ లేకపోయినా రేషన్ ఆపొద్దు, కార్డులు చూసి ఇచ్చి విడిగా రిజిస్టర్‌లో రాసుకోండి అని కేంద్ర ఆహార, ప్రజా పంపిణీ శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ రిజిస్టర్ ఎక్కడుందని మీ పాఠకులు తమ షాపులో ఒకసారి అడిగి చూడాలి, డీలర్ లేదంటే తహసీల్దార్ దగ్గరికి పోయి రాతపూర్వకంగా అడగాలి.

విత్తనాల పంపిణీకి, సచివాలయాల్లో సర్టిఫికెట్లకి కూడా ఇదే పద్ధతి పెట్టాలి. సర్వర్ అరగంట రాకపోతే చేత్తో రాసి పని జరిపించే అధికారం కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికే ఇవ్వాలి, అలా చేసినందుకు అతనికి మెమో రాదని జీవోలోనే రాయాలి, లేకపోతే ఎవరూ ధైర్యం చేయరు. వచ్చే ఖరీఫ్ విత్తనాలు జిల్లాకి చేరేలోగా ఆ పుస్తకాలు అచ్చేయించి ప్రతి కేంద్రానికీ పంపాలని కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

రైల్వే రిటైర్డ్ ఉద్యోగి,
గుంతకల్లు, అనంతపురం జిల్లా