క్యాన్సర్ పరీక్షకు పిలుపు ఊరి మాటలో ఉండాలి

సంపాదకులకు,

30 నుంచి 65 ఏళ్ల వారికి నోటి క్యాన్సర్‌కు, మహిళలకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కూడా ముందస్తు పరీక్షలు చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతమే, మిగతా రెండు పరీక్షలకు ఒక్క శాతం కూడా లేరు. ఈ లోటును మొబైల్ సందేశాలతో పూడ్చాలనుకునేవారు ముందుగా ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, అవతల వినేది ఎవరో గమనించాలి.

ఉత్తరాంధ్రనే తీసుకుందాం. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఆడవారిలోనే ఎక్కువ. వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి అక్కడ మచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సర్ వస్తాయి. సిగరెట్ బొమ్మ వేసి ‘ధూమపానం హానికరం’ అని గ్రాంథికంలో పంపితే ఆ సంగతి తనకేనని చుట్ట కాల్చే ముసలమ్మకు ఎలా తోస్తుంది? అడ్డపొగ పేరెత్తి, అద్దం ముందు నోరు తెరిచి అంగిట్లో తెల్లమచ్చ ఉందేమో చూసుకోమని ఆ ప్రాంతపు యాసలో, ఊరికి తెలిసిన ఏఎన్ఎం (నర్సమ్మ) గొంతుతో చెప్పించాలి. గర్భిణులకు ‘కిల్కారి’ పేరిట కేంద్రం ఏళ్లుగా వాయిస్ కాల్స్ పంపుతూనే ఉంది కనుక ఇది సాంకేతికంగా కొత్తేమీ కాదు.

అదే సర్వే ప్రకారం సొంతానికి వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు సుమారు 54 శాతం. మిగిలినవారికి ఫోనంటే భర్తదో కొడుకుదో. గర్భాశయం గురించిన మెసేజ్ కొడుకు తెరిచి చూశాడంటే ఆ తల్లి ఆసుపత్రి మాటే ఎత్తదు. అందుచేత మెసేజ్‌లో నర్సమ్మ వచ్చే రోజు, చోటు మాత్రమే ఉంచి, అసలు విషయం ఆమె కోరిన వేళకు చేసే కాల్‌లోనో, మహిళా సంఘం సమావేశంలోనో చెప్పడం మేలు. జబ్బు కంటే పరీక్షకే జంకేవారు ఎక్కువ. చేసేది ఆడవారేనని, చాటు ఉంటుందని, గర్భాశయ ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం అద్ది నిమిషం ఆగి చూస్తే తేడా తెలుస్తుందని, కోత ఉండదని ముందే చెబితే సగం జంకు తగ్గుతుంది. అయితే ఆ ఆడ సిబ్బందిని, ఆ చాటును ఆరోగ్య కేంద్రంలో నిజంగా సమకూర్చాకే ఫోన్ చేయాలి.

తేడా కనిపించిన మహిళకు మాత్రం తర్వాతి ఫోన్ రికార్డు చేసిన గొంతుతో రాకూడదు. ఏ ఆసుపత్రికి, ఏ రోజున, ఎవరి తోడుతో వెళ్లాలో చెప్పి, ఆమె అడిగినదానికి బదులివ్వగలిగే ఏఎన్ఎమ్మే స్వయంగా చేయాలి.

— ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, శ్రీకాకుళం జిల్లా