సోమయాజులు బిగుసుకుపోలేదురా

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బెంగుళూరులో చలి మొదలైందట. నీలం స్వెటర్ ఇక్కడే వదిలేసి పోయావు.

దసరాకి వచ్చినప్పుడు "శంకరాభరణంలో సోమయాజులు నటించిందేముందమ్మా, బిగుసుకుని నిలబడ్డాడు" అన్నావు చూడు, దానికి జవాబు చెబుదామని రాస్తున్నాను. అంతకుమించి ఏం లేదు. నువ్వు ఉద్యోగం మానేశావని రమణ మావయ్య ఏదో అన్నాడు కానీ నేను చెవిన పెట్టలేదు.

సోమయాజులు చేతకాక ఊరుకున్నాడనుకోకు. కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు వేసిన మనిషి. ఆ పంతులుకి నోరు మూతపడుతుందా? డిప్యూటీ కలెక్టరు చేసి, యాభై దాటాక శంకరశాస్త్రి అయ్యాడు. పెళ్లిచూపుల్లో కూతురు శారద స్వరం తప్పితే ఒక్క గద్దింపు, అంతే. మంజుభార్గవి అయితే మరీను, ఉన్నదంతా చూపులోనే. వాగేదంతా అల్లు రామలింగయ్యకి వదిలేశారు విశ్వనాథ్ గారు. శాస్త్రి దాచుకున్నది పాటలో బయటపడుతుంది. 'శంకరా నాదశరీరాపరా' దగ్గర మళ్ళీ చూడు.

మీ తాతయ్యదీ అదే తీరు. 1980లో ఆ సినిమా మా ఊరొచ్చిన కొత్తల్లో హాల్లో సగం కుర్చీలు ఖాళీ. నన్నూ, పిన్నినీ తీసుకెళ్ళారు. తెరమీద శారదని గద్దించగానే పిన్ని నా మోచెయ్యి గిల్లింది, అచ్చం మన నాన్నే అని. ఆయన తల తిప్పలేదు. విశ్రాంతిలో మాకు సోడాలు కొనిచ్చి, తను తాగలేదు. రిక్షాలో మాటల్లేవు. ఎలా ఉందండీ అని అమ్మమ్మ అడిగితే "బాగానే ఉంది" అని కాళ్ళు కడుక్కున్నారు. మర్నాడు ఆఫీసునుంచి పెందలాడే వచ్చి "తయారవ్వండి" అన్నారు. ఎక్కడికో అనుకున్నాం. మళ్ళీ అదే సినిమా! అమ్మమ్మ పొయ్యిమీద పులుసు దింపేసి, సణుక్కుంటూ బయల్దేరింది. తరవాత ఓసారి మాతో చెప్పకుండా ఒక్కరే వెళ్ళొచ్చారు. చొక్కా ఉతుకుతుంటే జేబులో టిక్కెట్టు ముక్క దొరికింది.

అలాంటి మనిషిని చూసినవాళ్ళకి సోమయాజులు ఎక్కువా చెయ్యలేదు, తక్కువా చెయ్యలేదు. కాకపోతే ఆయన మాట్లాడకపోయినా మొహం కనిపిస్తుంది. ఫోన్లో "ఊఁ, తిన్నాను, పెట్టేస్తున్నా" అంటే మాకేం కనిపిస్తుంది? మగపిల్లాడు అన్నాక ఉద్యోగాలు వస్తుంటాయి, పోతుంటాయి. ఇంట్లో చెప్పుకోవాలి. చేతిలో ఇంకోటి లేకుండా ఉన్నది వదులుకోకూడదు, అది వేరే సంగతి. క్లాసు పీకుతున్నానని విసుక్కోకు. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

రాత్రిళ్ళు పెరుగన్నం తిను, ఆ నూడుల్సు మానెయ్యి. నూనె తేలేలా మాగాయ పెట్టాను.

ఆదివారం మావయ్య కొడుకు అటు వస్తున్నాడు. స్వెటరూ, సున్నుండలూ, మాగాయా వాడికిచ్చి పంపుతున్నాను. ఆఫీసు అడ్రసు ఇవ్వమంటావా, రూము అడ్రసా? శనివారంలోగా చెప్పు.

అమ్మ