ఫోటోల సంగతి

అక్కా,

పాత ఫోటోలు వెతికి పంపమని నిన్ను నెలరోజులు విసిగించాను కదా. అవి కావాల్సింది నాకు కాదు, ఇక్కడి ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు. ఏడాదికొకటి చొప్పున వరసగా పెట్టి చూశాడు. ముక్కు, దవడ, కనుబొమల దగ్గరి ఎముక ఎట్లా పెరుగుతూ వచ్చాయో అందులో స్పష్టంగా ఉంది. రోజూ అద్దం చూసుకునే నాకే తెలియలేదు.

ఉంగరం బిగిస్తే లావయ్యాననుకున్నా. చెప్పులు ఒక సైజు పెరిగితే కంపెనీ మారింది కదా అనుకున్నా. బీపీకి ఒక డాక్టరు, గురకకు ఇంకొకరు, తలనొప్పికి మరొకరు. అన్నీ కలిపి చూసినవాళ్లు లేరు. చివరికి పట్టుకున్నది పళ్ల డాక్టరు! పళ్ల మధ్య సందులు పెరుగుతున్నాయేమిటని రక్తపరీక్ష చేయించుకోమంది.

దీన్ని ఆక్రోమెగలీ అంటారు. మెదడు అడుగున, ముక్కుకు వెనక, బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అందులో లేచిన కణితి గ్రోత్ హార్మోన్‌ను అదేపనిగా వదులుతోంది. కంగారు పడకు, క్యాన్సర్ కాదు. ఈ గ్రంథిలో వచ్చే కణితులు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే.

ఆ హార్మోన్ గంటగంటకూ మారుతుంది గనక ఒక్కసారి రక్తం తీస్తే తేలదు. అందుకని ముందు ఐజీఎఫ్-1 చూశారు. గ్రోత్ హార్మోన్ వల్ల ఒంట్లో తయారై, రోజంతా పెద్దగా మారకుండా ఉండే పదార్థం అది. నా వయసుకు చాలా ఎక్కువుంది. తర్వాత 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీశారు. గ్లూకోజు పడితే గ్రోత్ హార్మోన్ బాగా తగ్గిపోవాలి. నాకు తగ్గలేదు. ఎంఆర్ఐలో కణితి 12 మిల్లీమీటర్లు. 10కి చేరితేనే పెద్దదాని కింద లెక్క. దానికి సరిగ్గా పైనే కంటినరాలు కలుస్తాయి. అందుకే పక్కచూపు కూడా పరీక్షించారు, అది బాగానే ఉంది.

ఇదే గ్రంథిలో ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) వదిలే కణితి అయితే చాలామందికి కాబెర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతుందట. నాకా అదృష్టం లేదు, ఆపరేషనే. పుర్రె తెరవరు, ముక్కులోంచే ఎండోస్కోపు (కెమెరా ఉన్న సన్నని గొట్టం) పెట్టి తీస్తారు. తర్వాత కొన్ని వారాలు ముక్కు చీదకూడదు, బరువులు ఎత్తకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. (నా తుమ్ములు నీకు తెలుసుగా.) ముక్కులోంచి నీళ్లలా కారినా, దాహం, మూత్రం ఆగకపోయినా వెంటనే ఫోన్ చేయమన్నారు. వారం తర్వాత రక్తంలో సోడియం, మూడు నెలలకు మళ్లీ ఐజీఎఫ్-1 చూస్తారు. అప్పటికీ దిగకపోతే నెలకో ఇంజెక్షన్, అదీ చాలకపోతే వేరే మందులు, రేడియేషన్.

చేతుల వాపు, చెమటలు తగ్గుతాయట. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి పోదు. నేనొచ్చినప్పుడు ఈ దవడతోనే సర్దుకోవాలి నువ్వు.

ఆపరేషన్ వచ్చే నెల మొదటివారంలో. అమ్మకు చెప్పే పని నీదే. మెదడు అన్న మాట ముందే ఎత్తకు, ముక్కుతో మొదలుపెట్టు. బావకి నువ్వు ఇదంతా చదివి వినిపించు.

నీ తమ్ముడు