గంటల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకులకు,

మామూలు గ్లైడర్ విమానానికి ఇంజన్ ఉండదు. దిగేటప్పుడు అంచనా తప్పితే మళ్లీ పైకి లేచి ఇంకో ప్రయత్నం చేసే వీలు లేదు. అందుకే శిక్షకుల అర్హతను గాలిలో గడిపిన గంటలతోనే తూచకూడదు. అయిదు గంటలు ఏకధాటిగా ఎగిరినవారు దిగేది ఒక్కసారే. వించ్‌తో, అంటే నేల మీద తాడును వేగంగా చుట్టే యంత్రంతో, లాగి ఎగరేసే శిక్షణలో ఒక్కో విహారం కొన్ని నిమిషాలే, కానీ ప్రతిదానిలో ఒక లాంచ్, ఒక ల్యాండింగ్ ఉంటాయి. కొత్తవారికి నేర్పడానికి పనికొచ్చేది ఆ అనుభవం.

అలా పైకి లాగుతుండగా తాడు తెగితే ముందు ముక్కు దించి వేగం నిలుపుకోవాలి. ఎదురుగా దిగడమా, మలుపు తిరగడమా అన్నది ఆ తర్వాతి మాట. నేను ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఇది నేర్చుకుంటూ తడబడినప్పుడు, వెనక సీటులోని శిక్షకుడు వెంటనే కంట్రోల్స్ అందుకోలేదు. తప్పు నాకే తెలిసేంతవరకు ఆగారు. ఎంతసేపు ఆగవచ్చో తెలియాలంటే ఎందరో విద్యార్థుల పొరపాట్లు చూసి ఉండాలి. అంతకుముందు నేర్పిన మరొకరు మంచి పైలటే, కానీ ప్రతిసారీ తానే నడిపేసేవారు. ఆయన దగ్గర నాకేమీ రాలేదు.

కొత్త శిక్షకులను కనీసం ఒక సీజన్ పాటు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఉంచాకే విద్యార్థులను అప్పగించాలని గ్లైడింగ్ కేంద్రాల నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక పూర్వ క్యాడెట్, హైదరాబాద్